సున్నం అంటిన చేతులు

సాదలిలో ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటినుంచి శశికళకు పట్టుపురుగులతోనే కాలం. అయినా ఇంత భయం ఎప్పుడూ ఎరగదు. పోయిన పంటకు సున్నకట్టు రోగం తగిలి, పురుగులన్నీ సున్నపు ముక్కల్లా తెల్లగా బిగుసుకుపోతే, గుంట తీసి పూడ్చారు. అప్పటినుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు, అన్నం సయించదు. ఆ సంగతి అడిగే నాథుడేడీ? చింతామణిలో లారీ తోలే మొగుడు గిరీశ్ రోజూ ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట. "పురుగులెట్లుండాయి?"

"బాగుండాయి" అంటుంది. ఫోన్ పెట్టేశాక మళ్ళీ పోయి పురుగుల తట్టలన్నీ చూసుకుంటుంది.

ఈసారి పురుగులు నాలుగో నిద్రకు పోయాయి. కుబుసం విడిచే ఆ నిద్రలో అవి మేత ముట్టవు, తల పైకెత్తి కదలకుండా ఉంటాయి. అప్పుడు వాటి జోలికి పోకూడదని చిన్నపిల్లకు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? పొద్దుటినుంచి ఆమె పురుగుల ఇంటి తలుపు తెరుస్తూనే ఉంది, మూస్తూనే ఉంది.

మధ్యాహ్నం మళ్ళీ తెరిచింది. పై తట్టలో పురుగులన్నీ తెల్లగా ఉన్నాయి. కింది తట్టలోనూ అంతే. అయ్యో దేవుడా, మళ్ళీనా! ఒళ్ళంతా చెమట పట్టింది. ఊపిరి ఆడలేదు. నాన్న బయ్యప్ప గుండె పట్టుకుని పోయినట్టే తానూ పోతుందేమో. పోతే పోనీ, రోగం మిగతా తట్టలకు పాకకూడదు. పై తట్ట ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తి పెంటగుంటలో బోర్లించింది. రెండోదాని కోసం వెనక్కి తిరిగేసరికి అత్త మునివెంకటమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏం చేస్తాండావే?"

"సున్నకట్టు అత్తా! అంతా తెల్లగా అయిపోయినాయి. మళ్ళా మునిగిపోయినాము!"

మునివెంకటమ్మ వంగి ఒక పురుగును తీసి నొక్కి చూసింది. "మెత్తగా ఉండాది కదే. రోగమైతే కట్టె మాదిరి ఉంటాది." కొంగుతో తుడిస్తే తెలుపు కాస్తా రాలిపోయింది. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "నీ గోర్లు చూసుకో."

గోళ్ళ నిండా సున్నం. పురుగులు నిద్రకు పోతే పడక తడి లేకుండా సున్నపు పొడి చల్లడం ఆ ఇంటి రోజువారీ పనే. పొద్దున తానే చల్లి ఉండాలి. ఎంత తన్నుకున్నా అది గుర్తుకు రావడంలేదు. రోగం కంటే దీనికే ఎక్కువ భయమేసింది.

"నాకు పిచ్చి పడతాండాదా అత్తా?"

"పిచ్చీ లేదు గిచ్చీ లేదు. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళాయె?"

శశికళ భోరుమంది. "లేస్తే భయం, పండుకుంటే భయం. సచ్చిపోతానేమో అనిపిస్తాది."

"ఇన్నాళ్ళూ ఈ మాట యాడ దాచిపెట్టుకున్న్యావే తల్లీ?" మునివెంకటమ్మ కోడలిని దగ్గరికి తీసుకుంది. తిండి మానేస్తే కోడలు అలిగిందనుకుంది ఇన్నాళ్ళూ, ముసల్దానికి కళ్ళుండి ఏం లాభం! గుంటలో పడినవాటిని వదిలేసి, పురుగుల ఇంటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. "అవి లేసేదాకా నువ్వు లోపలికి పోకూడదు. రేపు చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మకి చూపిస్తా."

సాయంత్రం ఫోన్ మోగింది. చాప మీద పడుకున్న శశికళకు గుండె ఇంకా దడదడా కొట్టుకుంటూనే ఉంది. ఫోన్ అత్త ఎత్తింది.

"పురుగులెట్లుండాయి?"

"వాటికేమిరా, హాయిగా నిద్రపోతాండాయి. నీ పెండ్లాం ఎట్లుండాదని అడిగినావా ఒక్కనాడైనా?"

"శశికళకేమాయె అమ్మా?"

శశికళ లేచి కూర్చుంది. సున్నం అంటిన చెయ్యి చాపింది. "ఇట్లియ్యి అత్తా. నేనే చెప్తాను."