జానెడు గోడ

గంట మోగడం ఆగినా కాంతం తాడు వదలలేదు. వదిలేస్తే అది ఊగి గోడకు కొట్టుకుంటుంది, పక్కనే వేలాడే క్యాలెండరు కదులుతుంది. ఆ క్యాలెండరు కదలడం ఆమెకు ఇష్టం ఉండదు. తాడు పూర్తిగా నిలిచాక కొసను కొక్కేనికి చుట్టి, క్యాలెండరు అంచును వేలితో సర్ది, వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసింది.

కోటబొమ్మాళి బాప్టిస్టు చర్చిలో గంట కొట్టడం, ఊడవడం, దీపాలు తుడవడం ఆమె పని. వెనకవైపు చిన్న గదిలో ఉంటుంది. పెళ్లయిన రెండేళ్లకే భర్త జ్వరంతో పోతే అత్తింటివాళ్లు తీసుకొచ్చి ఇక్కడ దింపారు. మళ్లీ చూడటానికి రాలేదు. ఇప్పుడు యాభైకి దగ్గరపడింది. పొట్టి మనిషి. తాడు లాగీ లాగీ కుడిభుజం ఎడమదానికన్నా కిందికి దిగింది. తలుపు తాళం వేశాక నాలుగడుగులు వేసి, తిరిగివచ్చి లాగి చూసుకుంటుంది. దేవుణ్ణి పూర్తిగా నమ్ముతుంది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆమె నమ్మకం అయిపోతుంది.

ఆరోజు శనివారం. సంఘంలోని ఆడవాళ్లు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరన పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. వారం తిరిగేసరికి కాంతం సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అవి తెస్తుంది. సంచిలో పోసేముందు ప్రతి డబ్బాలోనూ వేళ్లు పెట్టి కెలుకుతుంది.

"ఏటి కాంతం, మా బియ్యంలో రాళ్లున్నాయేటి?" అంది షీబా గుమ్మంలోంచి.

"ఉంటే నీకే సెప్తాను. దేవుడికి సెప్పనులే."

"నువ్వు సెప్పకపోయినా విక్టరు మాస్టారు సెప్తారు. బియ్యం తగ్గుతన్నాయని, నీ క్యాలెండరు ఎనకాల కన్నమున్నాదని, అందులో దాస్తన్నావని ఊరంతా అంటన్నారు."

షీబా నవ్వింది. కాంతం నవ్వలేదు. సంచి మూతి బిగించి కట్టుకుని నడిచింది. ఎవరు అంటున్నారు? ఎన్నాళ్ల నుంచి? చర్చిలో తనకు వందనాలు చెప్పే చేతుల్లో ఏవి ఆ మాట అన్నాయి? తోవలో ఎదురైన ప్రతి ముఖాన్నీ పట్టి చూసింది.

చర్చికి వచ్చేసరికి సంఘ కార్యదర్శి విక్టరు మాస్టారు వాకిట్లో ఉన్నారు. పక్కన సున్నం బాల్చీ, నిచ్చెన, ఒక మనిషి. హుద్‌హుద్ తుపాను వానలకు గోడలన్నీ చారలు కట్టాయి. క్రిస్మస్‌కు సున్నం వేయించాలి.

"నరసన్నపేట నుంచి వచ్చాడు. గంగులు. పని బాగా చేస్తాడంట" అన్నారు మాస్టారు.

ఆ మనిషి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. కొసను ఎడమ చెవి మీదుగా దోపాడు. కాంతం చేతిలోని సంచి బరువెక్కింది. జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. కాని చెవిమీద కొస దోపుకునే తీరు మారలేదు.

పదిహేనేళ్ల కిందట పెద్ద తుపాను వచ్చిన ఏడు కూడా ఈ గోడలకు సున్నం వేసింది ఇతనే. ఆమె నిచ్చెన పట్టుకునేది. సున్నం పడి ఆమె అరచెయ్యి పొక్కితే, తన డబ్బాలోని కొబ్బరినూనె తీసి అతనే రాశాడు. సాయంత్రాలు వెనక మెట్టు మీద కూర్చుని ఆమె చేసిన చోడి అంబలి తాగేవాడు, నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయ అడిగేవాడు. పని అయిపోయిన రోజున గంట తాడు పక్కన జానెడు గోడను సున్నం లేకుండా వదిలేశాడు. "ఇది నీకోసమే మిగిల్సినాను కాంతం. గోడ పూర్తవకపోతే నాను మళ్లీ రావాల గదా" అన్నాడు. అంతే. పాపం అనేంత ఏమీ జరగలేదు. అయినా ఏ ప్రార్థనలోనూ ఆమె ఆ సంగతి దేవుడికి చెప్పుకోలేదు. చెప్పుకోవలసినది కాదనుకుందో, చెబితే కరిగిపోతుందనుకుందో.

ఆ జానెడు మీద ఆమె క్యాలెండరు వేలాడదీసింది. సున్నం వేయడానికి ఏటేటా కొత్తవాళ్లు వచ్చేవారు. "అక్కడ సెమ్మ ఉన్నాది, ముట్టుకోకండి" అని ప్రతివాడికీ చెప్పేది.

ఇప్పుడు అతను ఆమెను చూశాడు. తలుపును చూసినట్టే చూశాడు.

"అప్పా, నీళ్లెక్కడున్నాయి?"

అప్పా! ముక్కూమొహం తెలియని ఏ అక్కనో పిలిచినట్టు పిలిచాడు. కాంతం చేత్తో నూతివైపు చూపించింది. నిజంగా గుర్తులేదా? మాస్టారు ఉన్నారని నటిస్తున్నాడా? అతను నీళ్లు తోడుతుంటే స్తంభం చాటునుంచి చూసింది. అతను సున్నంలో నీలిమందు కలిపాడు, కుంచె ముంచాడు, ఏదో పదం కూనిరాగం తీశాడు. నటించేవాడు ఇంత తేలిగ్గా కూనిరాగం తీయగలడా? తీయగలడేమో!

మధ్యాహ్నం ఆమె అంబలి తెచ్చింది. అడగకుండానే కాల్చిన ఎండుమిరపకాయ పక్కన పెట్టింది. అతను ఒక గుక్క తాగి మిరపకాయ కొరికాడు.

"నాకిది ఇష్టమని నీకెలాగ తెలిసింది అప్పా?"

కాంతం అతని కళ్లలోకి చూసింది. వాటిలో ఆకలి తప్ప ఏమీ దొరకలేదు.

"అందరూ తింటారు గదా" అంది.

"అవున్లే. ఏ ఊరెళ్లినా ఎవురో ఒకలు పెడతారు."

గిన్నె కడగడానికి తీసుకుపోతూ ఆమె ఆ మాటనే తిరగేసుకుంది. ఏ ఊరెళ్లినా. ఎవురో ఒకలు.

మూడో జాముకు సున్నం గంట తాడు దాకా వచ్చింది. విక్టరు మాస్టారు కూడా అక్కడికే వచ్చారు. వెంట పాస్టరుగారి భార్య దీవెన.

"ఆ క్యాలెండరు తియ్యి గంగులూ" అన్నారు మాస్టారు.

"అక్కడ సెమ్మ ఉన్నాది మాస్టారూ" అంది కాంతం. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"చెమ్మో, బియ్యమో చూద్దామమ్మా. అనుమానం పోతుంది కదా. తియ్యి."

గంగులు క్యాలెండరు తీశాడు. వెనక కన్నం లేదు. బియ్యం లేవు. తెల్లటి గోడ మధ్య పొగచూరినట్టున్న జానెడు చోటు మాత్రం ఉంది. మాస్టారు దగ్గరికి వంగి వేలితో కొట్టి చూశారు. గోడ గట్టిగా పలికింది.

"ఇదేంటి, ఇక్కడ ఎందుకు వదిలేశారు?" అంది దీవెన.

"మా పనోడే ఎవుడో ఒగ్గీసినాడు అమ్మగారూ" అన్నాడు గంగులు. "గోడంతా వేసెత్తే ఆ ఇంటితోటి పని తెగిపోద్దని మావోళ్ల నమ్మకం. నానూ ప్రతి ఇంట్లోనూ ఓ జానెడు ఒగ్గీత్తాను. మా అయ్య నేర్పినాడు." కుంచె ముంచాడు. "ఈడెవుడో మరి మళ్లీ రానేదు కావాల."

కాంతం అతని చేతినే చూస్తోంది. గోడను తాకేముందు కుంచె ఒక్క క్షణం ఆగిందా? సున్నం కారుతుందని ఆగిందా? ఇంకెందుకైనా ఆగిందా? ఆమె తేల్చుకునేలోపే కుంచె పైనుంచి కిందికి ఒక్క ఊపున దిగిపోయింది.

"సరే సరే" అన్నారు మాస్టారు. వేలికంటిన దుమ్ము దులుపుకుని వెళ్లిపోయారు. దీవెన మాత్రం వెళుతూ కాంతం భుజం తట్టింది. ఎందుకు తట్టిందో అడగాలనిపించి, అడగలేదు.

పచ్చిసున్నం వెంటనే తెల్లబడదు. తడిలోంచి పాత మచ్చ ఇంకా కనిపిస్తూనే ఉంది. కాంతం ఏదో తుడుస్తున్నట్టు ఆ చుట్టుపక్కలే తిరిగింది. ఆరేకొద్దీ అంచులు ముందు పోయాయి. తరువాత నడుమ మాసినట్టున్న చోటు చిన్నదయింది. ఎండ మెట్లు దిగేసరికి ఏది ఆ జానెడో ఆమెకే తెలియలేదు. మనుషులంతా దేవుడికి గుర్తుంటారని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతారు. ఆ గుర్తులోంచి మనిషికి మనిషి కోసం కొంచెం ఇచ్చి ఉంటే ఏం పోయేది ప్రభువా, అనుకుంది. అనుకుని, తప్పేమోనని లెంపలు వేసుకుంది.

"బండికి వేళయింది. ఎల్తాను అప్పా" అన్నాడు గంగులు. కుంచెల మూట భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు. మలుపు తిరిగేవరకూ ఆమె చూసింది. అతను తిరిగి చూడలేదు.

గిన్నె బోర్లించడానికి వెనక మెట్టు దగ్గరికి వెళితే, మెట్టు పక్క గోడలో జానెడు చోటు సున్నం లేకుండా ఉంది. ఒకప్పుడు ఇద్దరూ కూర్చున్న చోటు. గుర్తుండే ఇక్కడ వదిలాడా? ఎవరికీ కనపడని మూల గనక వదిలాడా? ప్రతి ఇంట్లోనూ వదిలేవాడికి ఏ మూలైనా ఒకటే గదా.

స్టేషన్‌లో బండి కూత వేసింది. కాంతం బాల్చీ అడుగున మిగిలిన సున్నం కలిపి, పాత గుడ్డ ముంచి, ఆ జానెడు మీద కొస నుంచి కొసదాకా రాసింది. తడి గోడ నల్లగానే ఉంది. తెల్లారేసరికి తెల్లబడుతుంది.

తరువాత లోపలికి వచ్చి సాయంత్రం గంట కొట్టింది. ఈసారి మోత ఆగకముందే తాడు వదిలేసింది. అది ఊగి ఊగి ఖాళీ గోడకు కొట్టుకుంది. అక్కడ క్యాలెండరు లేదు. మధ్యాహ్నమే కొత్తగా సున్నం అంటినా తల మీద తుప్పు మాయని మేకు ఒక్కటే ఉంది.