మీసం మీద ఒట్టు

కొండల్ రావుగారికి ఉన్న ఆస్తిలో కొడుక్కి రాసివ్వడానికి వీలుకానిది ఒక్క మీసమే. వరంగల్లో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. సారా కాచేవాళ్ళు తన లాఠీని చూసి కాదు, మీసాన్ని చూసి పారిపోయేవారని ఆయనే చెప్పేవారు. వాళ్ళెవరూ వర్జీనియాలో లేరు కాబట్టి కాదనేవాళ్ళు లేకపోయారు. ఆ మాట చెప్పినప్పుడల్లా కుడిచెయ్యి దానంతటదే లేచి, కుడివైపు కొసని మెలితిప్పి వచ్చేది.

వర్జీనియాలోని షాంటిలీ ఊళ్ళో ఉన్న కొడుకు కృష్ణమోహన్ ఇంటికి ఆయన వచ్చిన శీతాకాలమే కోడలు విద్య తండ్రి కృష్ణమూర్తిగారు కూడా తెనాలి నుంచి దిగారు. పిల్లల పెళ్ళి అమెరికాలోనే జరిగిపోవడంతో వియ్యంకులిద్దరూ అంతకుముందు ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. ఇప్పుడు ఆ లోటంతా తీరిపోయింది. ఉన్న ఒక్క ఖాళీ గదిలో రెండు మంచాలు వేసి ఇద్దరినీ అందులో ఉంచారు. బయట మోకాలి లోతు మంచు. కారు నడపడం ఇద్దరికీ రాదు. పొద్దున్న లేస్తే బావగారి మొహం, నడుం వాలిస్తే బావగారి గురక. ఇక వాదించుకోకుండా ఎలా ఉంటారు?

వాదానికి ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిది ఫిబ్రవరిలో, మంచి సరుకే దొరికింది. రష్యా ఫ్లూ అనే జబ్బు దేశదేశాలూ తిరిగి అమెరికాలో కాలుపెట్టింది. మనవరాలు మీనా చదివే స్కూల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. చివరికి మీనాకీ జ్వరం తగులుకుంది. ఆస్పత్రి ల్యాబులో పనిచేసే విద్య ఒక అట్టపెట్టె నిండా మాస్కులు తెచ్చి, పిల్ల గదిలోకి వెళ్ళేవాళ్ళందరూ కట్టుకోవాలని చెప్పింది. కృష్ణమూర్తిగారు కూతురి మాట జవదాటరు. మాస్కు కట్టుకుని, పైన కళ్ళజోడు పెట్టుకుని, అద్దాలకి ఆవిరి పట్టి వెళ్ళి గోడని గుద్దుకున్నారు కూడా. అదీ చాలక తన హోమియో పెట్టెలోంచి పూటపూటా తీపిమాత్రలు మింగేవారు.

ఇదంతా చూస్తుంటే కొండల్ రావుగారికి ఒళ్ళు మండింది.

"గా మూతిగుడ్డ నేను కట్టుకోను. బందిపోట్లు కట్టుకుంటరు దాన్ని," అన్నారు అన్నం దగ్గర. "రోజూ ఎల్లిపాయకారం తినేటోన్ని. నా దగ్గరికి ఏ పురుగొస్తది బావగారూ? వాసనకే సస్తది."

"వాసనకి చచ్చేది పురుగు కాదు బావగారూ, పక్క మంచం మీద నేను," అన్నారు కృష్ణమూర్తిగారు. "పోస్టుమాస్టరుగా చేసినవాణ్ణి, నాలుగు రకాల జనాన్ని చూశాను. మాస్కు లేకుండా అట్టా పిల్ల పక్కన కూర్చుంటే మీకు అంటుకోవడం ఖాయం."

"అంటుకుంటదా? నాకా?" కొండల్ రావుగారు కంచం ముందు నుంచి లేచారు. ఎంగిలిచెయ్యి కావడంతో ఈసారి ఎడంచేత్తోనే మీసం పట్టుకున్నారు. "మీసం మీద ఒట్టేసి చెప్తున్న. ఉగాది లోపల నాకు రష్యా ఫ్లూ వచ్చిందంటే అరమీసం తీసేస్త!"

"రాకపోతే నాది తీసేస్తాను, అరమీసమే," అని కృష్ణమూర్తిగారు తన సన్నటి మీసాన్ని తడుముకున్నారు. దాన్ని మీసం అనడం కొండల్ రావుగారికి ఇష్టం లేకపోయినా పందెం కోసం ఒప్పుకున్నారు.

"మామయ్యా, నాన్నా, ఇద్దరూ ముందు కూర్చుని తినండి, ప్లీజ్," అంది విద్య.

మీనాకి తగ్గిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ అంటుకోలేదు. కృష్ణమూర్తిగారు తన మాస్కు తీసి సొరుగులో పడేసి, ఇక హోమియో చాలన్నారు. కొండల్ రావుగారైతే తెలిసిన తెలుగువాళ్ళందరికీ ఫోన్లు చేయించి ఎల్లిపాయకారం మహిమ వినిపించారు. ఒకరిద్దరు ఇల్లాళ్ళు పాళ్ళు కూడా రాసుకున్నారు.

ఆ ఫోన్ల వేడి చల్లారకముందే ఆయనకి ఒళ్ళునొప్పులు మొదలయ్యాయి. సాయంత్రానికి మంచం కోళ్ళు ఊగేంత చలిజ్వరం. విద్య స్నేహితురాలు డాక్టర్ రాధారాణి వచ్చి, గొంతులో దూదిపుల్ల తిప్పి తీసుకుని, "ల్యాబ్‌కి పంపిస్తాను అంకుల్. రిజల్ట్ రావడానికి టైమ్ పడుతుంది. రెస్ట్ తీసుకోండి," అంది.

"పడిశమమ్మా, ఉత్త పడిశం," అన్నారు కొండల్ రావుగారు దుప్పటిలోంచి. కానీ ఊళ్ళో అందరిదీ రష్యా ఫ్లూ అయినప్పుడు తనదొక్కటే పడిశం ఎలా అవుతుందో ఆయనకే అర్థం కాలేదు.

జ్వరం తగ్గి లేచాక బావగారి దెప్పుళ్ళ కోసం సిద్ధమయ్యారు. జవాబులు కూడా తయారుచేసి పెట్టుకున్నారు. కృష్ణమూర్తిగారు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. జ్వరంలో తడిగుడ్డ వేసిందీ ఆయనే, మిరియాల చారు కాయించిందీ ఆయనే. ఇప్పుడు పేపరు వస్తే ముందు ఈయనకే ఇస్తున్నారు. చలి, మేజోళ్ళు తొడుక్కోండి అంటున్నారు. పందెం మాట మాత్రం లేదు.

ఒక్క మాట అని ఉంటే కొండల్ రావుగారు హాయిగా వాదించి గెలిచేవారు. ఏమీ అననివాడితో ఎలా వాదిస్తారు? 'పోనీలే పాపం, పెద్దాయన మాట తప్పాడు' అని బావగారు మనసులో అనుకుంటున్నట్టే అనిపించేది, ఆయన కాఫీ తాగుతున్నా, తుమ్మినా, ఊరికే కిటికీలోంచి మంచు చూస్తున్నా. సర్వీసులో ఒకరిచేత మాట పడని మనిషి. వియ్యంకుడు తన మీద జాలిపడుతున్నాడనిపించడంతో ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక తట్టుకోలేక ఒకరోజు, కొడుకూ కోడలూ పనికి వెళ్ళాక, బావగారు హాల్లో పేపరు చదువుతుండగా బాత్రూంలో దూరి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుడివైపు మీసం నున్నగా తీసేశారు. మాట నిలబెట్టుకున్నారు. రొమ్ము విరుచుకుని అద్దంలోకి చూశారు.

అద్దంలో ఉన్నవాణ్ణి చూస్తే ఆయనకే నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. ఈ మొహంతో తలుపు తీయడం ఎలా? పోనీ రెండోవైపు కూడా తీసేద్దామంటే ఒట్టు అరమీసానికే వేశారు. మొత్తం తీస్తే అది అమెరికా ఫ్యాషన్ అవుతుంది గానీ మాట నిలబెట్టుకోవడం అవదు. చేత్తో మూతి మూసుకుని మాస్కుల పెట్టె దగ్గరికి పరిగెత్తారు.

సాయంత్రం విద్య ఇంటికొచ్చి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"మామయ్యా! మీరు మాస్క్ కట్టుకున్నారా?"

"జబ్బులు తిరుగుతున్నయి గదమ్మా. మన జాగ్రత్తల మనం ఉండాలె."

ఆ రోజు నుంచి ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మాస్కు ఎందుకు కట్టుకున్నారో జనానికి చెప్పాలి కాబట్టి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు. ఎల్లిపాయకారం పాళ్ళు చెప్పిన ఇళ్ళకే మళ్ళీ ఫోన్ చేసి మూతిగుడ్డ గొప్పతనం చెప్పారు. మాస్కు లేకుండా దగ్గాడని కొడుకుని కేకలేశారు. అందరూ లేచాక గోడవైపు తిరిగి తినేవారు. మాస్కుతోనే నిద్రపోయేవారు. రోజూ బాత్రూం తలుపేసుకుని కుడివైపు మళ్ళీ నున్నగా గీసుకునేవారు. కృష్ణమోహన్ వెంట బ్యాంకుకి వెళితే కౌంటర్లో అమ్మాయి ఆయన్ని చూడగానే రెండు చేతులూ పైకెత్తేసింది. సూపర్‌మార్కెట్లో ఒక ముసలావిడ ఆయన్ని సర్జన్ అనుకుని తన మోకాలి నొప్పి గురించి చెప్పుకుంది. "గార్లిక్, మేడమ్, గార్లిక్," అని చెప్పి వచ్చేశారు.

మీనా ఒక్కతే వదల్లేదు. "తాతా, నాకు ఫీవర్ వస్తే నువ్వు మాస్క్ పెట్టలేదు. ఇప్పుడు ఎవరికీ ఫీవర్ లేదు. వై?"

"పెద్దగైనంక తెలుస్తది బిడ్డా," అన్నారు ఆయన, గోడవైపు తిరిగి.

మంచు కరిగింది. ఉగాది ఇంకో వారం ఉందనగా రాధారాణి భోజనానికి వచ్చింది. కొండల్ రావుగారిని చూసి ముచ్చటపడిపోయింది. "హాస్పిటల్లో మావాళ్ళే సరిగ్గా కట్టుకోరు అంకుల్. మీరు గ్రేట్!"

ఆయన తర్వాత తింటానన్నారు. కృష్ణమూర్తిగారు ఊరుకోలేదు. "ఇంటికొచ్చిన అమ్మాయి తింటుంటే పక్కన కూర్చోకపోతే ఎట్టా బావగారూ?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, స్వయంగా పులిహోర వడ్డించారు. వియ్యంకుడు తన చేత్తో వడ్డించాక ముట్టకుండా లేవడం మర్యాద కాదు. మాస్కు దించితే పరువు దక్కదు. కొండల్ రావుగారు పోపులో జీడిపప్పులు చూస్తూ కూర్చున్నారు. నోట్లో ఊరిన నీళ్ళు మాస్కు వెనకాలే మింగారు.

"అన్నట్టు అంకుల్, మీ రిజల్ట్ వచ్చింది," అంది రాధారాణి.

బావగారి ముందే చెప్పాలా ఈ పిల్ల?

"మీది రష్యా ఫ్లూ కాదు. టెక్సాస్ ఫ్లూ అని ఇంకొకటి. ఈ వింటర్‌లో రెండూ తిరుగుతున్నాయి."

"రష్యాది కాదా?"

"మీ ఏజ్ వాళ్ళకి అది రావడం చాలా తక్కువ. మీరు వయసులో ఉన్నప్పుడు అలాంటి ఫ్లూనే వచ్చిపోయింది, ఒంటికి దాని సంగతి తెలుసు. ఇద్దరూ ఫీల్ అవకండి, అది ఎల్లిపాయ గొప్పా కాదు, హోమియో గొప్పా కాదు. టెక్సాస్‌ది మాత్రం ఎవరికైనా రావచ్చు."

కొండల్ రావుగారికి ఒక్క ముక్కే చెవికెక్కింది. రష్యాది కాదు. ఓడిపోలేదు! "విన్నరా బావగారూ!" అని ఎగిరి లేచారు. మాస్కు గడ్డం కిందికి లాగి, కుడిచేత్తో మీసం మెలితిప్పబోయారు. వేళ్ళకి నున్నటి పెదవి తగిలింది.

కృష్ణమోహన్‌కి పొలమారింది. విద్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "తాతా! హాఫ్ ఉంది!" అని మీనా కుర్చీ ఎక్కి మరీ చూసింది. కొండల్ రావుగారికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. అందరికంటే ముందు బావగారే పగలబడి నవ్వుతారని తల వంచుకుని నిలబడ్డారు.

కృష్ణమూర్తిగారు నవ్వలేదు.

"ఎప్పుడు తీశారు?"

"జ్వరం తగ్గి లేచినంక."

"నేనేం అడగలేదే!"

"అడగలేదు. అందుకే తీసిన."

కృష్ణమూర్తిగారు లేచి, సింకు దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. అక్కడి నుంచి బాత్రూం వైపు నడిచారు.

కొండల్ రావుగారికి గెలిచిన సంతోషం ఎటు పోయిందో తెలియలేదు. "యాడికి బావగారూ? వద్దు, నేను అడుగుతలేను!" అని వెంటపడ్డారు.

"మీరు అడగడం లేదనే," అని కృష్ణమూర్తిగారు తలుపు వేసేసుకున్నారు.

లోపల కొళాయి తిప్పిన చప్పుడైంది. బయట ఎవరూ పులిహోర ముట్టలేదు. కొళాయి ఆగింది. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. చివరికి లోపల్నుంచి సన్నగా పిలుపు వినిపించింది.

"అమ్మా విద్యా, ఆ మాస్కుల పెట్టె ఇట్టా పట్రామ్మా."

విద్య కదిలేలోపే కొండల్ రావుగారు పెట్టె అందుకుని తలుపు తట్టారు.

"తలుపు తియ్యండి బావగారూ. కళ్ళజోడుకు ఆవిరి పట్టకుంట నేను కడత."