పెట్టెలో ఆగిన బాణం

గణపతిరావుకు ఒక్కటే పిచ్చి. పేరున్నవాళ్ల చేవ్రాళ్లు పోగుచెయ్యడం. అనంతగిరి కాఫీ తోటలో గిడ్డంగి గుమాస్తాగా కొండెక్కినప్పుడు బట్టల మూటకంటే ముందు చేవ్రాళ్ల పెట్టెనే బండిలో పెట్టించాడు. ఊళ్లను ఊపేసిన నటులు, హరిదాసులు, మల్లయోధులు, అందరూ అందులో ఉన్నారు.

మొదట్లో బాగా మోసపోయాడు. విజయనగరంలో ఓ పెద్ద నటుడి సంతకమని మురిసిపోతూ కొన్నది, తీరా చూస్తే టిక్కెట్లమ్మేవాడి రాత. ఆ దెబ్బతో కాగితాన్ని తలకిందులు చేసి చూడడం నేర్చుకున్నాడు. అప్పుడు పేరు కనపడదు, గీతలే కనపడతాయి. సొంతదారు చెయ్యి పరుగెడుతుంది. దొంగ చెయ్యి నడుస్తుంది, మధ్యలో ఆగి దారి చూసుకుంటుంది. ఆగినచోటల్లా సిరా చుక్కగా ఊరుతుంది.

"ఆ నాటకాలోళ్ల గీతలు పులుసులోకి పనికొత్తాయేటండీ?" అని భార్య అచ్చియమ్మ వెక్కిరించేది.

ఆ ఏడాది కొండల్లో సర్కారు మీద ఫితూరీ రేగింది. నాయకుడు సోంబరు. అతనికి అక్షరం రాదు. కాగితం మీద బాణం గీస్తే అదే అతని చేవ్రాలు. మైదానంలో ఆ బాణమంటే జనం చెవి కోసుకునేవారు. డుంబ్రిగుడ సంతలో దొంగబాణాలు చాటుగా అమ్ముడయ్యేవి. గణపతిరావు వాటిని ఒక్క చూపుతో తీసిపారేసేవాడు. అసలుది మాత్రం చేజిక్కలేదు.

ఓ ఉదయం అదే గుమ్మంలోకి వచ్చింది. తెచ్చినవాడు బుధు, తోటలో కాఫీ పళ్లు కోసే కొండమనిషి. జ్వరంతో నిలబడలేకపోతున్నాడు.

"బాబూ, ఇది సోంబరు బాణం. అవతల కొండమీద మా అన్నోళ్ల ఊరికి ఎల్లాల. సిపాయిలొత్తన్నారు, ఊరొగ్గేసి పొమ్మని కబురు. నానింక నడవనేను. నీ బండోడి సేత బేగి పంపించు."

"నన్ను నమ్మి ఇస్తున్నావా?"

"కూలోళ్లకిచ్చే ఉప్పు సీటీ మీద సంతకమెట్టేటప్పుడు నువ్వు మమ్మల్ని ఎప్పుడూ మోసం సెయ్యనేదు గదా! ఒకటే బాబూ, దీన్ని నీకాడ ఆపకు. బాణం ఆగకూడదు. ములికి ఎటుంటే అటే ఎల్లాల. మడిసి పేరు మీదకుందనుకో..." బుధు నీరసంగా నవ్వాడు. "ఆ మడిసికి నూకలు సెల్లినట్టే."

అతను వెళ్లగానే గణపతిరావు కాగితాన్ని తలకిందులు చేశాడు. ఈకల దగ్గర లావుగా మొదలైన గీత ఒక్క ఊపులో ములికి దాకా దూసుకుపోయింది. ఎక్కడా చుక్క లేదు. దీన్ని బండివాడి చేతికి ఎలా ఇస్తాడు? కబురు చేరితే చాలు కదా, కాగితం ఏదైతేనేం? తలుపు వేసుకుని అచ్చం అలాంటి బాణమే ఇంకో కాగితం మీద గీశాడు. నకలు బండెక్కింది. అసలు పెట్టెలోకి వెళ్లింది.

ఆ వారం తిరక్కుండానే బండివాడు పరుగున వచ్చాడు.

"ఊరు కాలిపోనాది బాబూ. ఆ కాయితం సూసి ఊరి పెద్ద, 'ఇది సోంబరు సెయ్యి కాదు. మనల్ని అడివిలోకి రప్పించి పట్టుకోడానికి సిపాయిలే దొంగబాణం పంపినారు' అన్నాడు. ఎవులూ కదల్నేదు. బుధు అన్న సచ్చిపోనాడు."

"బుధు ఏడీ?"

"అడివిలో కలిసిపోనాడు. పోయేముందు ఆ కాయితం దారిలో ఎక్కడాగిందని అడిగేడు. మీ ఇంటికాడే గదా అన్నాను."

ఆనాటినుంచి గణపతిరావు పొద్దుండగానే గిడ్డంగికి తాళం వేసేవాడు. కాఫీ చెట్ల సందుల్లో ఆకు కదిలినా ఉలిక్కిపడేవాడు. ఓ సాయంత్రం, తాళం వేస్తుండగా తలుపుకి ముల్లుతో గుచ్చిన కాగితం ముక్క కనిపించింది. దాని మీద బాణం.

ఇంట్లోకి పరుగెత్తి దీపం ముందు తలకిందులుగా పట్టుకున్నాడు. ఎవడో ఆకతాయి గుచ్చి ఉండొచ్చు, సంతలో దొంగబాణాలకు కొదవా? జీవితంలో మొదటిసారి, ఇది దొంగది కావాలని మొక్కుకున్నాడు. చుక్క కోసం వెతికాడు. వణుకు కోసం వెతికాడు. కాగితాన్ని వెలుగుకి అడ్డంపెట్టి గీత వెంట కన్ను నడిపాడు. ఈకల దగ్గర లావు. ఒక్క ఊపు. చెయ్యి ఎక్కడా దారి చూసుకోలేదు.

"దొంగదేనా?" అంది అచ్చియమ్మ.

"అసలుదే."

"మరి ఆ మొగవేటి అలాగెట్టేరు? ఇన్నాళ్లూ దీనికోసమే గదా తపించిపోనారు!" ఆవిడకు చదువు రాదు. నవ్వుతూ పెట్టె తెచ్చి, మూత తీసి, అతని ముందు పెట్టింది.

గణపతిరావు కాగితాన్ని మెల్లగా నిటారుగా తిప్పాడు. అది చింపిన ఉప్పు చీటీ. అడుగున సంతకం ఉంది. ములికి సరిగ్గా దాని మొదటి అక్షరం మీద దిగింది. అలవాటు చొప్పున ఆ సంతకాన్నీ పరీక్షించాడు. చెయ్యి పరుగెత్తింది, ఎక్కడా ఆగలేదు.

తన చెయ్యే.

వాకిట్లో కుక్క మొరుగుతూ మొరుగుతూ ఠక్కున ఆగిపోయింది.