దేవుడి గూట్లో తాళంచెవి

తాళంచెవి కనబడకపోతే జగన్మోహన్ మొదట నవ్వాడు. ప్యాంటు జేబులు, కారు సీట్ల సందులు మూడోసారి వెతికేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

"సుమతీ, పొద్దున ట్రైలర్ కీస్ నీకే కదా ఇచ్చాను?"

అవి ఎక్కడున్నాయో సుమతికి అప్పటికే కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. క్యారీ ఊళ్లో, ఇంట్లో, దేవుడి గూట్లో, పటం ముందు, చామంతి పువ్వు కింద. బండి కొన్నాక పూజ చేయకుండా తొలి ప్రయాణం కట్టడం ఆమె ఎరగదు. పొద్దున ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తలుపుకి కుంకుమ దిద్ది, కారు తాళంచెవినీ ట్రైలర్ తాళంచెవినీ స్వామి పాదాల దగ్గర ఉంచి దండం పెట్టుకుంది. ఇంతలో పెద్దది దియ, "అమ్మా, లేట్ అవుతోంది!" అని అరిచింది. సుమతి కారు తాళంచెవి ఒక్కటే చేతికి తీసుకుని పరుగెత్తింది.

"దేవుడి దగ్గర పెట్టానండీ," అంది.

"పెట్టి?"

"అక్కడే ఉంది."

నాలుగు గంటల దారి. కొండల మధ్య క్యాంప్‌గ్రౌండ్. గురువారం కావడంతో చుట్టుపక్కల ఒక్క టెంట్ లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"బాగుంది. ఆయన చూసుకుంటాడులే, మనం చెట్టు కింద పడుకుందాం," అన్నాడు జగన్మోహన్. కోపం వస్తే అతను ఇలాగే ఎకసెక్కాలాడతాడు.

ఆ ట్రైలర్ అంటే అతనికి ప్రాణం. గరాజ్ నిండా టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్‌లు పేరుకుపోయి కారు వానలో నిలబడుతుంటే, వసంతంలో ఎవరి దగ్గరో ఈ పాత ట్రైలర్ కొన్నాడు. రెండు నెలలు శనివారాలన్నీ దానికే ధారపోసి చెక్క అరలు బిగించాడు. ప్లాస్టిక్ డబ్బాలమీద తెలుగులో పేర్లు రాశాడు: వంట, పడక, దీపాలు, మందులు. వెనక తలుపుకీ పక్క తలుపుకీ కట్టర్‌కి ఓ పట్టాన లొంగని గుండ్రటి తాళాలు వేశాడు. కారుకి తగిలించే కొక్కేనికి ఇంకొకటి. మూడింటికీ ఒకటే తాళంచెవి. "చక్రాలమీద కిరాణా కొట్టు పెట్టావురా!" అని స్నేహితుడు దివాకర్ ఏడిపిస్తే, "నీ ఇల్లు ఇంత పొందిగ్గా ఉందా?" అని ఎదురడిగాడు.

కారులో ఏమీ ఉండకూడదు, ప్రతిదానికీ ట్రైలర్‌లో ఒక చోటు ఉండాలి. అదీ అతని నియమం. సుమతి సరేనంది. చిన్నది హంసిక ఇన్హేలర్‌ని ఏడేళ్లుగా తన హ్యాండ్‌బ్యాగ్‌లోనే మోసిన మనిషి, నిన్న దాన్ని తీసి మందుల ఎర్రసంచిలో పెట్టింది.

ఆ సంగతి ఆమెకు దగ్గు వినబడ్డాక గుర్తొచ్చింది.

మైదానంలో ఆ మధ్యాహ్నమే గడ్డి కోసినట్టున్నారు. హంసిక ఆ పచ్చి గడ్డిలో పొర్లి పొర్లి ఆడింది. ఇప్పుడు మోకాళ్లమీద చేతులు ఆనించి వంగి నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది.

"అమ్మా... పంప్," అంది.

జగన్మోహన్ కారు తలుపు తీశాడు. "కారెక్కండి, హాస్పిటల్‌కి పోదాం."

"గంట దారండీ! పైగా ఈ బండిని తోకలా తగిలించుకుని ఆ మలుపుల్లో... అంతసేపు ఆగదు." దియ వైపు తిరిగింది. "గేటు దగ్గర ఆఫీసులో ఫోన్ ఉంటుంది. నైన్ వన్ వన్ చేయమను. కట్టర్ ఉంటే తెమ్మను. పరుగెత్తు!"

దియ పరుగెత్తింది. అర మైలు దూరం.

జగన్మోహన్ కారు అడుగు నుంచి చక్రాల స్పానర్ తీసి తాళంమీద మోదాడు. గుండ్రటి ఉక్కు, దెబ్బ జారిపోయింది. మళ్లీ మోదాడు. చేతులు చిట్లి రక్తం కారుతున్నా తాళంమీద గీత పడటమే తప్ప ఇంకేం కాలేదు. సుత్తి, రంపం, గొడ్డలి అన్నీ ఉన్నాయి. లోపల, పేర్లు రాసిన డబ్బాల్లో.

హంసిక ఇప్పుడు మాట్లాడటం లేదు. పెదవుల చుట్టూ బూడిద రంగు తేలింది.

సుమతి తలెత్తి చూసింది. ట్రైలర్ పైకప్పు మధ్యలో గాలికోసం ఒక ప్లాస్టిక్ మూత ఉంది.

"నన్ను ఎత్తండి."

"అందులో ఎలా పడతావ్?"

"ఎత్తండీ!"

ఎత్తాడు. రేకుమీద బోర్లా పడుకుని స్పానర్‌తో మూతని పగలగొట్టి, స్పానర్‌ని కిందికి పడేసింది. కింద దోమతెర చించింది. జానెడున్నర చదరం. కాళ్లు దింపింది. నడుము దగ్గర ఇరుక్కుంది. పగిలిన ప్లాస్టిక్ అంచు తొడని చీరుతుంటే ఊపిరంతా వదిలేసి జారింది. డబ్బాలమీద పడి, డబ్బాలతో సహా కూలింది.

పక్క తలుపు దగ్గర, పై అరలో పెట్టింది సంచిని. అక్కడ లేదు. కొండదారి కుదుపులకి సామానంతా కలగాపులగమైంది. తడిమింది. టెంట్ కడ్డీలు. స్టవ్. బియ్యం డబ్బా. చాపల చుట్ట. బయట ఆ ఈల, పిల్ల ఊపిరి ఈల, రేకు గోడలోంచి వినబడుతూనే ఉంది. చాపల కింద చేతికి జిప్ తగిలింది.

సంచిని పైకి విసిరింది. అది కప్పుమీద దొర్లి ఎక్కడో ఆగిపోయింది.

"అందట్లేదు!" జగన్మోహన్ గొంతు. స్పానర్ గీరుకున్న చప్పుడు. ఇంకోసారి. తర్వాత నేలమీద ధబ్బుమని పడింది.

"ఇది ఎలా పెట్టాలి? సుమతీ, ఎలా?"

అతనెప్పుడూ వేయలేదు. ఎప్పుడూ ఆమే వేసేది. గోడకి నోరు ఆనించి అరిచింది. "ముందు బాగా ఊపండి! గొట్టానికి తగిలించండి. దాని మాస్క్‌తో ముక్కూ నోరూ కప్పి ఒక్కసారే నొక్కండి. ఆరు ఊపిర్లు పీల్చనివ్వండి."

"ఒకటి... పీల్చమ్మా. బ్రీత్, నాన్నా, బ్రీత్."

"ఒక నిమిషం ఆగి మళ్లీ!"

రెండోసారి. మూడోసారి. చీకట్లో సుమతి చెవిని రేకుకి అదిమి పెట్టింది. తొడమీంచి కారుతున్న రక్తం పాదం దాకా వచ్చింది. దేవుణ్ణి తలుచుకోబోయి ఆగింది. ఆ పటం గుర్తొస్తే ఆ పువ్వు గుర్తొస్తోంది. నాలుగోసారి వేశాక ఈల ఆగింది. ఆమె చెవిని ఇంకా గట్టిగా అదిమింది. తర్వాత పెద్ద దగ్గు, వెనకే బొంగురు ఏడుపు. ఏడవడానికి గాలి కావాలి.

"అమ్మా... నువ్వు లోపల స్టక్ అయ్యావా?"

"అయ్యానమ్మా. నువ్వు మాట్లాడకు. మెల్లిగా పీల్చు."

ఏదో బండి వచ్చి ఆగింది. దియ ఏడుస్తూ ఏదో చెబుతోంది. ఎవరో పెద్దమనిషి గొంతు, అంబులెన్స్ దారిలో ఉందంటోంది. మిషన్ ఒకసారి గర్రుమని ఆగింది.

"సుమతీ, కట్టర్ వచ్చింది. తలుపుకి దూరంగా జరుగు," అన్నాడు జగన్మోహన్.

"కాసేపు ఆపమనండి," అంది సుమతి, గోడని వదలకుండా. "ఆ మోతలో దాని ఊపిరి నాకు వినబడదు."