గీత పడని పని

సూదులు మరగబెట్టాలి. నాలుగో మంచానికి కట్టు మార్చాలి. ఏడో మంచం మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మొహం కాలిన డ్రైవరుకు గంజి తాగించాలి. అద్దం అడిగితే మాట మార్చాలి. ఈలబాబు వాళ్ళమ్మకు ఉత్తరం రాయాలి.

యుద్ధమప్పుడు సైనికాసుపత్రిలో నర్సుగా చేసిన అమ్మమ్మ నోటుపుస్తకంలో మొదటి పేజీ అది. మిగతా పేజీలూ అలాంటివే. మ్యూజియం వాళ్ళు సైనికుల, నర్సుల డైరీలు అడుగుతున్నారని తెలిసి మనవరాలు దాన్ని ట్రంకుపెట్టె అడుగు నుంచి బయటికి తీసింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమె. ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. పెన్సిలు రాత మాసిపోయిందని మూడు ఆదివారాలు కూర్చుని, కొత్త పుస్తకంలోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసింది. అడ్డగీత పెట్టి కొట్టేసినవి మాత్రం వదిలేసింది. కొట్టేసిన జవాబుకు మార్కులుండవని పరీక్షహాల్లో నేర్చుకున్న పిల్ల మరి.

రాసేకొద్దీ గుండె జారిపోయింది. పేజీ తర్వాత పేజీ, మిగిలింది ఆ ఉత్తరం మాటొక్కటే. అడిగితే అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని అడగలేదు.

డైరీలు తీసుకునే ఆఖరి రోజు మధ్యాహ్నం ఇద్దరూ మ్యూజియానికి వెళ్ళారు. ముందొచ్చిన పెద్దమనిషి తన తండ్రివని తోలు అట్టల డైరీలు ఐదు బల్ల మీద పరిచి, పక్కన పతకాలు పేర్చాడు. మనవరాలు తన సంచిని ఒళ్ళోకి లాక్కుంది. అలాంటి డైరీలు నలుగురికీ చూపించే గాజుపెట్టెలో అమ్మమ్మ పుస్తకమూ ఉండాలని ఆమె పట్టుదల.

మ్యూజియం ఆఫీసరు ఆమె ఇచ్చిన కొత్త పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. “ఏమ్మా, యుద్ధం జరిగినన్నాళ్ళూ మీ అమ్మమ్మగారు ఒక్క ఉత్తరం రాద్దామనుకున్నారు. అదీ రాయలేదు. దీన్ని ఎలా పెట్టమంటావు?”

బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ లేచి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని రెండు పేజీలు చూసి, భుజాలు కదిలేలా నవ్వింది.

“నా నౌకరీ అంతా ఊడ్చి పారేశావు కదే పిచ్చిమొహమా. గీత పెట్టామంటే ఆ పని అయిపోయినట్టు. వార్డు పనులన్నిటి మీదా గీత పడందే మా పెద్ద నర్సమ్మ డ్యూటీ దిగనిచ్చేది కాదు.”

మనవరాలి సంచి అడుగునున్న పాత పుస్తకం తీసి ఆఫీసరు ముందు పెట్టింది. గీతల కిందున్న మాటలను ఆయన మొదట కళ్ళతోనే చదివాడు. తర్వాత పైకి చదవసాగాడు. కిటికీలు పేలిపోయాయి, మంచాలన్నీ నడవాలోకి మార్చాలి. గీత. చేతుల్లేని ఇద్దరికీ ఇంటి ఉత్తరాలు చదివి వినిపించాలి. గీత. నలభై మంచాలకు ఇద్దరమే మిగిలాం, కూర్చోకూడదు. గీత. తోలు డైరీల పెద్దమనిషి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మనవరాలికి సిగ్గూ గర్వమూ కలిసి ముంచుకొచ్చాయి. వెన్ను నిటారైంది.

“మరి ఈ ఉత్తరం, మామ్మగారూ?” అన్నాడు ఆఫీసరు.

ఈలబాబు పదకొండో మంచం కుర్రాడట. కాగితాలేవీ లేకుండా వచ్చాడు. నొప్పెక్కువైతే ఈల వేసేవాడు, అందుకే ఆ పేరు. ఒక పొద్దున ఉత్తరం రాసిపెట్టమన్నాడు. కట్లు మార్చి వస్తానని అమ్మమ్మ వెళ్ళింది. కలం పట్టుకుని వచ్చేసరికి ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. వాళ్ళమ్మ ఎక్కడుందో చెప్పేవాళ్ళే లేకపోయారు. అయినా యుద్ధం ముగిసేదాకా రోజూ ఆ పనిని మళ్ళీ రాసుకుంది.

“కాని పనిని ఎలా కొట్టను బాబూ?” అంది అమ్మమ్మ.

ఆఫీసరు పాత పుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. గాజుపెట్టెలో పెట్టే అట్టముక్క మీద నాలుగు మాటలు రాయమని మనవరాలికి కలం ఇచ్చాడు. అమ్మమ్మ గురించి పెద్దగా రాద్దామనుకుంది. నా సంగతి ఒక్క ముక్క చాలు, వాడి సంగతి రాయి అంది అమ్మమ్మ. అప్పుడామె ఇలా రాసింది:

“ఇందులో గీత పడ్డవన్నీ మా అమ్మమ్మ చేసిన పనులు. గీత పడనిది ఒక్కటే. చదివినవాళ్ళు దయచేసి ఈలబాబును ఒక్కసారి తలుచుకోండి.”