నంగోబి కూర్చున్న బడులు

జింజా పట్నంలోని తన సబ్బుల ఫ్యాక్టరీలో నూనె కాగడం మొదలవగానే బలికోవా కారెక్కుతాడు. కలిరో ఊళ్లోని బడికి దూరంగానే దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గోడవారగా నడుస్తాడు. గుమ్మంలో తల పెట్టేసరికి చివరి బెంచీలో ఒక చోటు ఖాళీ.

"నంగోబి ఇప్పుడే లేచెళ్లింది పెద్దాయనా," అంటుంది హెడ్మిస్ట్రెస్ నమూకోసె. "ఇవాళ ఏడో ఎక్కంలో తడబడింది."

"ఒంట్లో బాగానే ఉందా?"

"దానికేం, నవ్వుతూనే ఉంది."

నంగోబి ఆయన కూతురు. బడికి పోతానని అది ఏడ్చిన ఏడే ఫ్యాక్టరీ మొదలైంది. సబ్బులకు కాగితం చుట్టడానికి ఇంట్లోవాళ్లే దిక్కు. "వచ్చే ఏడు పంపిస్తాలే," అన్నాడు. ఆ వానల్లోనే జ్వరమొచ్చి పిల్ల పోయింది.

ఆయన మొదటి బడి కట్టించిన రోజు నంగోబి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. తర్వాత కట్టిన ప్రతి బడిలోనూ అంతే. టీచర్లు దాని పేరు పిలిచేవారు. పక్క పిల్లలు దానికి పెన్సిలు ఇచ్చేవారు. తండ్రి కంటికి మాత్రం ఆనేది కాదు. ఎక్కడో ఒకచోట కనబడకపోతుందా అని ఆయన ఇంకో బడి, మరో బడి కట్టిస్తూనే పోయాడు. జనం మహాదాత అంటుంటే తల దించుకునేవాడు.

ఈ ఏడు కలిరో బడి కిక్కిరిసిపోయింది. ముతేసి అనే పిల్లను అమ్మమ్మ తీసుకొస్తే, చోటు లేదంది నమూకోసె. అది విని నంగోబి లేచింది. ముతేసిని తన చోట్లో కూర్చోబెట్టి, బయటికి నడిచి, చెరుకుతోటల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ బడిలోనూ ఎవరికీ కనబడలేదు.

కబురు విని బలికోవా పరుగున వచ్చాడు.

"ఈ పిల్లని లేపితే తిరిగొస్తుందేమో," అంది నమూకోసె, ఆయన మొహం చూడలేక. "బడి మీది. ఏం చెయ్యమంటారు?"

అమ్మమ్మ ఆయన ముందు మోకాళ్ల మీద కూలబడింది. "అయ్యా, దీన్ని లేపకు. దీనికి నేను తప్ప ఎవరూ లేరు."

బలికోవా బెంచీ దాకా వెళ్లాడు. ముతేసి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"మా పిల్ల వెళ్తూ ఏమన్నా చెప్పిందా అమ్మా?"

"నా పేరేంటని అడిగింది."

"నా గురించి?"

ముతేసి అడ్డంగా తలూపింది.

"కూర్చో తల్లీ. చదువుకో," అన్నాడు ఆయన.

రోడ్డెక్కాక, ఈసారి బడి ఏ ఊళ్లో కట్టిస్తారని డ్రైవరు అడిగాడు. బలికోవా కిటికీలోంచి చెరుకుతోటల వైపు చూస్తూ, "కారు మెల్లగా పోనీ," అన్నాడు.