అడగాల్సినవి

“ఇంటర్వ్యూ అంటే వాళ్లు అడుగుతారు, నువ్వు చెప్తావు. అంతేగా! మధ్యలో నువ్వు అడగడానికేముంటుంది?” అన్నాడు భర్త, ఇస్త్రీ అవుతున్న చొక్కా కోసం చెయ్యి చాచి నిలబడి.

ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి నడిపింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊరందరినీ పై అంతస్తులకి ఎక్కించి దించే మనిషికి, తన చొక్కా ఏ అరలో ఉంటుందో మాత్రం పద్దెనిమిదేళ్లయినా అంతుపట్టలేదు. మంచివాడే పాపం. అరవడు, తాగడు, చెయ్యెత్తడు. ఈ మూడూ ఆయన గెలుచుకున్న కప్పులైనట్టు చుట్టాలు ఆమెకి అస్తమానం గుర్తుచేస్తుంటారు.

“ఎందుకుండవు నాన్నా?” అంది పదిహేడేళ్ల కూతురు. ప్రతిదానికీ వాదనకి దిగుతుందని ఇంట్లో ఆ పిల్లని లాయరు అంటారు. “చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. ‘ఏం లేదండీ’ అన్నామా, పోయినట్టే! అమ్మా, నువ్వు అరడజను ప్రశ్నలు రాసుకుని వెళ్లు. చచ్చినా ‘ఏం లేదండీ’ అనకు.”

“ఎక్కువ అడిగితే ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో! నోరున్న కోడల్ని ఎవరు తెచ్చుకుంటారమ్మాయ్?” అంది అత్తగారు, సోఫాలో మోకాళ్లు నొక్కుకుంటూ. ఆవిడ మాట వెటకారమో జాగ్రత్తో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ఆమె నవ్వేసింది గానీ ఆ మాట మనసులో ఎక్కడో తగిలింది. ఆ లెక్కన తన జీవితంలో జరిగిన పెద్ద ఇంటర్వ్యూ పెళ్లి మాటల రోజుదే. అరగంట సేపు అవతలివాళ్లు అడిగారు: చదువు, ఎత్తు, వంట వచ్చా, కళ్లజోడు ఎప్పట్నించి, కోపం వస్తుందా. చివర్లో ఎవరో పెద్దమనిషి మర్యాదకి “అమ్మాయేమైనా అడుగుతుందా?” అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే మేనత్త అందుకుంది: “మా పిల్లకేం ఉంటాయండీ!” ఉంది. ఒకటే ఉంది. మీ ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోడానికి చోటుందా అని. అడక్కుండానే పెళ్లయిపోయింది. వచ్చి చూసుకుంటే కిటికీ ఉంది, వంటింట్లో, సింకు ఎదురుగా. దాని పక్కన నిలబడ్డమే తప్ప కూర్చున్నది లేదు.

నిజానికి ఆమె బాగా పని తెలిసిన మనిషి. మందుల సీసాల మీద అతికించే లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు చూసేది. మెషీన్ మీద మొదటి షీటు వేసి ఆమె బల్ల మీదికి తెచ్చేవాళ్లు. అక్షరం అక్షరం, అంకె అంకె అసలు కాగితంతో సరిచూసి, అడుగున సంతకం పెడితే తప్ప మెషీన్ తిరగకూడదు. అంత లావు మెషీన్లూ, వాటి పక్కన అంతలేసి మగాళ్లూ ఆమె పెన్ను వైపు చూస్తూ నిలబడేవాళ్లు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లాయరుకి అయిదేళ్లప్పుడు అత్తగారి మోకాళ్లు పోయాయి. “ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా” అన్నారు అందరూ. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది ఓట్లు వెయ్యకుండానే తేలిపోయింది. ఆమె ఉద్యోగం మానేసి ఇప్పటికి పన్నెండేళ్లు. ఇప్పుడు ఇంకో ప్రెస్సులో అదే పనికి మనిషి కావాలట. ఈ వయసుకి మళ్లీ పిలుపు రావడమే గొప్ప. ఇది తప్పిపోతే ఇంకోటి వస్తుందన్న ఆశ ఆమెకి లేదు, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కూతురు చెప్పినట్టే దాని పాత నోటుబుక్కులోంచి కాగితం చింపి, పైన ‘అడగాల్సినవి’ అని రాసి, కింద ఆరు ప్రశ్నలు రాసుకుంది. రాస్తుంటే భలే హుషారొచ్చింది.

అయితే ఆ ఇంట్లో ‘అడగాల్సినవి’ అనే కాగితం అప్పటికే ఒకటుంది. ఆమె స్నానానికి వెళ్లినా సరే తలుపు అవతల నిలబడి ముగ్గురూ మూడు ప్రశ్నలు వేస్తుంటే వేగలేక, ఏడాది కిందట తనే పెట్టింది. ఏం కావాలన్నా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉన్న ఆ కాగితం మీద రాయాలి, ఆమె తీరిక చూసుకుని జవాబు చెప్తుంది. అదీ ఇదే నోటుబుక్కులోదే. ఇంటర్వ్యూ రోజు పొద్దున అందులో కొత్తగా ఏం చేరాయో చూద్దామని తీసి, బల్ల మీద తన కాగితం పక్కన పెట్టి, పాలు పొంగుతుంటే పరిగెత్తి, వచ్చి ఒక కాగితం మడిచి సంచిలో పడేసి, రెండోది అయస్కాంతం కింద పెట్టి, బస్సు అందుకోడానికి పరుగో పరుగు.

ప్రెస్సు గుమ్మంలోనే ఇంకు వాసన గుప్పుమంది. ఆహా! ఎవరూ చూడకుండా గుండెల నిండా పీల్చుకుంది. మేనేజరు గదిలో కళ్లజోడు నుదుటికెక్కించుకున్న మేనేజరూ, చేతులకి నీలం ఇంకు మరకలున్న ముసలి ఫోర్‌మనూ కూర్చుని ఉన్నారు. ఒక లేబులూ దాని అసలు కాగితమూ ఇచ్చి తప్పు పట్టమన్నారు. రెండు నిమిషాలు చూసింది.

“మోతాదులో చుక్క పోయిందండి. సున్నా పాయింటు అయిదు కాస్తా అయిదైంది. పిల్లల మందు కదా, ప్రాణాల మీదికొస్తుంది. ఇంకోటి, తయారైన తేదీ కంటే గడువు తేదీ ముందుంది.”

ఫోర్‌మన్ లేబులు లాక్కుని చూశాడు. “రెండోది మేం పెట్టిన తప్పు కాదే!” అని నోరు వెళ్లబెట్టాడు.

మేనేజరు దగ్గి మాట మార్చాడు. “పన్నెండేళ్లు ఖాళీగా ఉన్నారన్నమాట.”

“ఖాళీగానా!” అంది ఆమె. ఆ మాటకి నవ్వొచ్చింది. ఫోర్‌మన్ కూడా నవ్వాడు.

“ఇల్లూ ఉద్యోగం రెండూ చూసుకోగలరా మరి?”

“మీరు చూసుకుంటున్నారు కదండీ” అంది మామూలుగా. ఆయన కళ్లజోడు నుదుటి మీంచి జారి ముక్కు మీద పడింది.

“సరే. మీరేమైనా అడగాలా?”

వచ్చింది! దీనికోసమే కదా ఆమె వారం రోజులుగా ఎదురుచూసింది. దర్జాగా సంచిలోంచి కాగితం తీసి మడత విప్పింది. మొదటి లైనే తనది కాదు. భర్త చేతిరాత. ‘నీలం చొక్కాకి బొత్తాం ఎవరు కుడతారు? రేపటికి కావాలి.’ దాని కింద లాయరు: ‘నేను వచ్చేసరికి తినడానికేముంటుంది?’ ఆ కింద అత్తగారి వణుకు అక్షరాలు: ‘బాత్‌రూంలో బల్బు పోయి నాలుగు రోజులు. ఎవరికి చెప్పాలి?’

ప్రూఫులు చూసే ఉద్యోగానికి వచ్చి, తన కాగితమే సరిచూసుకోలేదు! రాసుకున్న ఆరింట్లో ఒక్కటి గుర్తొస్తే ఒట్టు. ‘ఏం లేదండీ’ అనే మాట పెదాల దాకా వచ్చేసింది. మేనత్త గొంతు కూడా వినబడింది, మా పిల్లకేం ఉంటాయండీ అని. అంతే, ఆమెకి ఒళ్లు మండింది.

“ఉన్నాయండి” అంది. “ఇక్కడ బల్బు పోతే ఎవరికి చెప్పాలి?”

“బల్బా?”

“ప్రూఫులు చూసే బల్ల మీద లైటు. వెలుగు చాలకపోతేనే చుక్కలు పోయేది.”

“అది మాడిపోయి ఆర్నెల్లయింది” అన్నాడు ఫోర్‌మన్ పైకప్పు కేసి చూస్తూ. “నేను మూడుసార్లు చెప్పాను.”

మేనేజరు పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. ఆమెకి ఊపిరాడింది. రెండో లైను చూసింది. “అన్నం ఎక్కడ తింటారండీ ఇక్కడ? ఎంతసేపు?” మెషీన్ పక్కన నిలబడి, దొరికినంతసేపు అని తేలింది. ఆయన అదీ రాసుకున్నాడు. ఇక బొత్తాం మిగిలింది. దాన్నీ ప్రెస్సుకి తగ్గట్టు మార్చింది.

“చిన్నచిన్న పనులుంటాయి కదండీ. ఎవరి పనీ కానివి. టీ కప్పులు కడగడం, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడం. అవి ఎవరు చేస్తారు?”

“అవా... మన ఆడవాళ్లు సరదాగా...” అన్నాడు మేనేజరు.

“అంత సరదా పని వాళ్లొక్కళ్లకే ఎందుకండీ, తలా ఒక రోజు పంచుకుందాం. నేను రెండో రోజు చేస్తాను. మొదటి రోజు మీరు.”

ఫోర్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వులో నవ్వుగా ఊరుకుంటే అక్కడితో గట్టెక్కిపోయేది. కానీ తప్పు కనబడ్డాక కళ్లు మూసుకోవడం ఆమెకి చేతకాదు. కాగితం బల్ల మీద పెట్టి మేనేజరు వైపు జరిపింది. “ఒక మాట చెప్పాలండి. నేను రాసుకున్న కాగితం ఇది కాదు. ఇది మా ఫ్రిజ్ మీది కాగితం. చూసుకోకుండా పట్టుకొచ్చాను.”

మేనేజరు బొత్తాం, బల్బు, తిండి అన్నీ చదివాడు. “ప్రూఫులు చూసే మనిషి కాగితం మార్చి తెచ్చిందంటే...” అని నసిగాడు.

“తెచ్చింది, పట్టుకుంది, తనే చెప్పింది” అన్నాడు ఫోర్‌మన్. “తప్పు చేసి దాచేవాళ్లతోనే కదండీ మన చావంతా! నా మాట విని సోమవారం నించి రమ్మనండి.”

మేనేజరు ఇంకోసారి కాగితం చూసి, ఇంకోసారి ఆమెని చూసి, “బల్బు వేయించి ఉంచుతాను” అన్నాడు.

బయటికొచ్చాక ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉంది, పక్కావిడ రెండుసార్లు అనుమానంగా చూసింది కూడా. నవ్వు ఆగాక గుర్తొచ్చింది: తన కాగితం ఫ్రిజ్ మీద ఉంది!

తలుపు తీసేసరికి ముగ్గురూ ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. అత్తగారు సైతం సోఫా దిగి వచ్చింది. ముగ్గురివీ తప్పు చేసిన మొహాలు. “కొత్త కాగితం పెట్టావు కదా” అన్నాడు భర్త తల గోక్కుంటూ. “మమ్మల్నే అడిగావనుకున్నాం. జవాబులు రాశాం.”

ఆమె చెప్పులైనా విప్పకుండా చదివింది. ‘పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది?’ కింద భర్త ఏదో రాసి కొట్టేసి, మళ్లీ రాశాడు: ‘తెలియదు. నేను లేచేసరికి మొదలైపోయి ఉంటుంది. పడుకునేసరికి అవదు.’ ‘నాకు ముందు ఈ పని చేసినవాళ్లు ఎందుకు మానేశారు?’ కింద అత్తగారు: ‘మానలేదు. మోకాళ్లు మానేశాయి. నలభై ఏళ్లకి ఈ మాట అడిగిన మొదటి మనిషివి.’ ‘పని బాగా చేశానని ఎవరు చెప్తారు?’ కింద లాయరు: ‘బాగుంటే మాట్లాడం, బాగోకపోతేనే మాట్లాడతాం. ఇది అన్యాయమే. ముద్దాయిలు ఒప్పుకున్నారు.’ ‘నాకు ఒంట్లో బాగోకపోతే నా పని ఎవరు చేస్తారు?’ కింద మూడు చేతులతో మూడు ప్రశ్నార్థకాలు, తర్వాత భర్త రాత: ‘పోయినసారి జ్వరంలోనూ నువ్వే చేశావు.’ ‘ఇక్కడ మీకు బాగా నచ్చేదేమిటి?’ కింద ఆయనదే: ‘నువ్వు పాడుకుంటూ పని చెయ్యడం. ఈ మధ్య వినబడ్డం లేదు.’

ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. ఆఖరి ప్రశ్న, ‘అయిదేళ్ల తర్వాత నేనెక్కడుంటాను?’ దాని కింద ఒక్కటే మాట, వణుకు అక్షరాల్లో. ‘ప్రెస్సులో.’

తలెత్తి చూస్తే అత్తగారు చటుక్కున గోడ కేసి తిరిగింది.

“వచ్చింది. సోమవారం నించి” అంది ఆమె. లాయరు ఎగిరి గంతేసి మెడకి చుట్టుకుపోయింది. భర్త మొహం చేటంతైంది. “మరి మా సంగతి? పాసయ్యామా?” అన్నాడు. అలవాటు కొద్దీ గోడ మీది గడియారం చూసి, ఫ్రిజ్ తలుపు కేసి చూసి, “అదీ... ఇవాళ భోజనానికేంటి?” అన్నాడు.

ఆమె సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. ‘తెలియదు’ చుట్టూ ఒక సున్నా చుట్టింది, మూడు ప్రశ్నార్థకాల చుట్టూ ఒకటి, ‘నువ్వే చేశావు’ చుట్టూ ఇంకోటి. అత్తగారి అక్షరాల జోలికి పోలేదు. కాగితం భర్త చేతిలో పెట్టి, హాల్లోంచి కుర్చీ లాక్కెళ్లి, వంటింటి కిటికీ పక్కన వేసుకుని, పద్దెనిమిదేళ్లకి మొదటిసారి హాయిగా కూర్చుంది. బయట ఎండలో ఎవరివో దుప్పట్లు ఎగురుతున్నాయి. తెలియకుండానే గొంతులోంచి కూనిరాగం వచ్చింది.

“ఇదేంటి?” అన్నాడు ఆయన కాగితం పట్టుకుని.

“మొదటి ప్రూఫు. ఎర్రగా ఉన్నచోటల్లా దిద్ది, మళ్లీ తీసుకురండి” అంది ఆమె. “నేను సంతకం పెట్టేదాకా ఈ ఇంట్లో మెషీన్ తిరగదు.”